రెండు తీర్పుల నడుమ ఒక నటీమణి

దీర్ఘాయుష్షు గొప్ప వరమని మన పెద్దల నమ్మకం. నూరేళ్ళు వర్ధిల్లుమని పిల్లలను దీవించే జాతి మనది. అయితే నూరేళ్ళు జీవించిన కళాకారులకు ఒక చిక్కు ఉన్నది. చిన్నవయసులో కన్నుమూసినవారిని లోకం వారి ఉత్తమ కృతితోనే జ్ఞాపకం ఉంచుకుంటుంది. చిరకాలం బ్రతికినవారు మాత్రం తమ యౌవనంలోని పనిని మూడు తరాలవారు మూడు విధాలుగా తూచుతూ ఉండగా కళ్ళారా చూడవలసి వస్తుంది. ఒక తరం పూజించినదానిని మరొక తరం ప్రశ్నిస్తుంది. ఆ తరువాతి తరం నిలదీస్తుంది. హాలీవుడ్ నటీమణి ఒలీవియా డి హావిలండ్ జీవితం ఇందుకు చక్కని నిదర్శనం. 1916 జూలై 1వ తేదీన టోక్యో నగరంలో ఆంగ్ల దంపతులకు జన్మించి, కాలిఫోర్నియాలో పెరిగి, 1950ల నడుమ నుండి పారిస్‌లో స్థిరపడి, నూటనాలుగేళ్ళు నిండిన పిమ్మట 2020 జూలై 26న అక్కడనే ఆమె కన్నుమూసింది.

ఒక సినిమా తార చరిత్రతో ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ పని ఏమని కొందరు అడుగవచ్చు. ఆమె గెలిచిన వ్యాజ్యం ఒకటి ఉన్నది. ఓడిన వ్యాజ్యం ఒకటి ఉన్నది. ఆమెతో పాటు నటించిన మరొక స్త్రీ కూర్చున్న విందుబల్ల ఒకటి ఉన్నది. ఈ మూడింటిని కలిపి చదివితే స్వేచ్ఛ అనే మాట లోతు తెలుస్తుంది. గొప్పవారి గుణదోషాలను విచారించవలసిన పద్ధతి కూడ కొంత బోధపడుతుంది. అందుకే ఈ ప్రస్తావన.

మొదట గెలిచిన వ్యాజ్యం సంగతి. 1934లో హాలీవుడ్ బౌల్ అనే ఆరుబయలు రంగస్థలం మీద మాక్స్ రైన్‌హార్ట్ షేక్‌స్పియర్ నాటకం ‘ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’ను ప్రదర్శించాడు. అందులో హెర్మియా పాత్ర ధరించిన పద్దెనిమిదేళ్ళ ఒలీవియా వార్నర్ బ్రదర్స్ సంస్థ దృష్టిలో పడింది. ఆ సంస్థతో ఒడంబడిక మీద చేవ్రాలు చేసింది. ఎర్రల్ ఫ్లిన్ సరసన ‘కాప్టెన్ బ్లడ్’ (1935), ‘ది అడ్వెంచర్స్ ఆఫ్ రాబిన్ హుడ్’ (1938) వంటి చిత్రాలు ఆమెకు కీర్తిని తెచ్చినవి. కాని వాటిలో దక్కినవన్నీ నాయకుని కొరకు ఎదురుచూచే అందగత్తె వేషాలే.

ఆ కాలపు స్టూడియో పద్ధతిలో నటుడు కేవలం జీతగాడు. ఇచ్చిన వేషం వేయవలసిందే. కాదన్నవారిని జీతం లేకుండ కొంతకాలం నిలిపివేసేవారు. అంతటితో ఆగక, నిలిపివేసిన దినాలన్నిటిని లెక్కగట్టి ఒడంబడిక చివర అతికించేవారు. పాలేరు నాగాపెట్టిన రోజులను గుర్తుపెట్టుకొని, ఏడాది తిరిగినా కాడి దించనీయని కామందు లెక్క ఇది. 1943లో తన ఒడంబడికలోని ఏడేళ్ళు నిండినవని ఒలీవియా అనుకుంటే, ఇంకను సుమారు ఆరుమాసాల బాకీ ఉన్నదని సంస్థ అన్నది.

ఆమె న్యాయస్థానం మెట్లెక్కింది. అంతకు మునుపు 1936లో అదే సంస్థతో ఇంగ్లండు న్యాయస్థానంలో పోరాడి బెట్టీ డేవిస్ అంతటి నటీమణి ఓడిపోయి ఉన్నది. ఈమెకు పని ఇవ్వరాదని తక్కిన స్టూడియోలకు వార్నర్ సంస్థ లేఖలు పంపింది. దాదాపు రెండేళ్ళు ఆమె చిత్రాలకు దూరమైంది. ముప్పై దాటకుండానే ప్రేక్షకులు మరచిపోతారేమోనని తారలు భయపడే పరిశ్రమలో రెండేళ్ళు అంటే తక్కువ కాలం కాదు. చివరకు 1944 డిసెంబరులో కాలిఫోర్నియా అప్పీలు న్యాయస్థానం ఆమె పక్షాన తీర్పు చెప్పింది. చట్టంలోని ఏడు సంవత్సరాలంటే పంచాంగం లెక్క ప్రకారం గడచిన ఏడు సంవత్సరాలే. పనిచేసిన దినాలను ఏరి కూర్చిన ఏడు సంవత్సరాలు కావు. ఈ రక్షణను ఉద్యోగి తనంతట తాను వదులుకొన్నట్లు వ్రాసి ఇచ్చినా చెల్లదు. తీర్పు సారాంశం ఇది. నేటికిని న్యాయవాదులు దీనిని ఆమె పేరుతోనే వ్యవహరిస్తారు.

స్టూడియోల ప్రాబల్యం ఆమె ఒక్కతె వలన కూలిందనటం అతిశయోక్తి. 1948లో పారమౌంట్ వ్యాజ్యంలో అమెరికా అత్యున్నత న్యాయస్థానం ఇచ్చిన తీర్పు, ఆపైన టెలివిజన్ రాక కూడ అందుకు కారణాలు. ఆమె సాధించిన రక్షణ సంపూర్ణంగా నిలిచిందనీ చెప్పలేము. ఒప్పుకొన్న గానముద్రికలను పూర్తిచేయని గాయకుల నుండి నష్టపరిహారం కోరే హక్కును 1987లో చేసిన సవరణ ఆ వ్యాపార సంస్థలకు ఇచ్చింది. అయినా ఆమె తన కొరకు తెరిపించిన తలుపు గుండా ఆమె ఎరుగనివారెందరో నడిచారు. ఆ స్వేచ్ఛను ఆమె వృథా చేయలేదు కూడా. ‘టు ఈచ్ హిజ్ ఓన్’ (1946), ‘ది ఎయిరెస్’ (1949) చిత్రాలకు రెండుమార్లు ఉత్తమ నటిగా ఆస్కార్ బహుమతి పొందింది. నడుమ ‘ది స్నేక్ పిట్’ (1948)లో మానసిక చికిత్సాలయంలో మగ్గే స్త్రీ పాత్రను ధరించి, ఎదురుచూచే అందగత్తెను తెరమీద శాశ్వతంగా సాగనంపింది.

ఇంతవరకు కథ వెలుగుబాటనే సాగింది. చిక్కు వచ్చేది ‘గాన్ విత్ ది విండ్’ వద్ద. మార్గరెట్ మిచెల్ నవల ఆధారంగా డేవిడ్ సెల్జ్‌నిక్ 1939లో నిర్మించిన ఈ చిత్రంలో మెలనీ పాత్రకై ఒలీవియా ఎంతో తపించింది. తన నటిని మరొక నిర్మాతకు ఎరువివ్వటానికి జాక్ వార్నర్ అంగీకరించకపోతే, అతని భార్యను ఆశ్రయించి అనుమతి సంపాదించింది. మెలనీ సహనమూర్తి, ఎవరిలోను చెడు చూడని ఇల్లాలు. లోకం ఒలీవియాను ఆ పేరుతోనే గుర్తుంచుకొన్నది.

అయితే మెలనీ మంచితనం ఏ ఇంటిలో వెలిగింది? బానిసల చెమటతో నిలిచిన ఇంటిలో. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో బానిసత్వం రద్దుకాక ముందటి జీవితాన్ని ఆ చిత్రం ఒక చెరిగిన తీపి కలగా చూపింది. యజమానులను విడిచిపోవటానికి ఇష్టపడని బానిసలను కల్పించింది. ఇది 2020లో ఎవరో కొత్తగా కనిపెట్టిన తప్పు కాదు. చిత్రం వెలువడిననాడే నల్లజాతివారి పత్రికలు కొన్ని దానిని నిరసించినవి.

అందులో మామీ అనే బానిస దాది పాత్ర ధరించిన హ్యాటీ మెక్‌డేనియల్ 1893లో జన్మించింది. ఆమె తల్లిదండ్రులు ఇద్దరూ ఒకనాడు బానిసలు. తన తల్లి అనుభవించినదానిని తీపి కలగా చూపే చిత్రంలో ఆ కూతురు బానిస వేషం కట్టవలసి వచ్చింది. కట్టి, ఆ వేషానికి ప్రాణం పోసింది. 1939 డిసెంబరులో అట్లాంటా నగరంలో జరిగిన తొలి ప్రదర్శనలో జాతి విభేద నిబంధనల మూలంగా ఆమెకు చోటు లేకపోయింది. 1940 ఫిబ్రవరి 29 రాత్రి లాస్ ఏంజలస్‌లోని అంబాసిడర్ హోటలులో ఆస్కార్ విందు జరిగింది. ఉత్తమ సహాయనటి బహుమతికి ఒలీవియా, హ్యాటీ ఇద్దరూ పోటీలో ఉన్నారు. హ్యాటీ గెలిచింది. ఆస్కార్ పొందిన మొదటి నల్లజాతి వ్యక్తి ఆమెయే. కాని ఆ రాత్రి తక్కిన తారాగణం ఒక బల్ల వద్ద కూర్చుంటే, ఆమెను దూరంగా గోడవార ఒక చిన్న బల్ల వద్ద కూర్చోబెట్టారు. ఆ బల్ల దగ్గర నుండి లేచివెళ్ళియే ఆమె బహుమతి అందుకొన్నది.

తనకు రాని బహుమతికై ఆ రాత్రి దుఃఖించినాననీ, కొన్నాళ్ళకుగాని ఆ నిర్ణయంలోని ఔచిత్యం బోధపడలేదనీ తరువాతి కాలంలో ఒలీవియాయే చెప్పింది. ఆ ఒప్పుకోలును మనము గౌరవించాలి. అయితే మన ప్రశ్న అంతకన్న పెద్దది. ఒలీవియాకు తెరచుకొన్న న్యాయస్థానపు ద్వారం హ్యాటీకి ఎందుకు పనికిరాలేదు? చట్టం చేతులలో ఉన్నది ఒడంబడిక ఒకటే. ఇష్టంలేని వేషాన్ని తిరస్కరించే హక్కు, వేరొక వేషం దొరికే ఆశ ఉన్నవారికే విలువైనది. పరిచారిక వేషం తప్ప మరొకటి చూపని పరిశ్రమలో, ఏడేళ్ళ సంకెల తెగినా హ్యాటీ పోగలిగిన చోటు మరొక వంటయిల్లే. ఆస్కార్ వచ్చిన పిమ్మట కూడ ఆమెకు వచ్చినవి ఎక్కువగా ఆ పాత్రలే. 1952లో మరణించినప్పుడు ఆమె కోరుకొన్న హాలీవుడ్ శ్మశానవాటికలో ఆమె దేహానికి చోటు ఇవ్వలేదు. ఆమె పేర అక్కడ ఒక స్మారక శిల నిలపటానికి 1999 వరకు ఆగవలసి వచ్చింది.

ఈ అన్యాయానికి ఒలీవియా కారణం కాదు. బల్లలను వేరుచేసినది ఆమె కాదు. అయినా ఆమె సాధించిన స్వేచ్ఛకు గల ఎల్లలు ఆ రెండు బల్లల మధ్య దూరంలోనే కనబడుతున్నవి. ఒక అడ్డుగోడ కూలినంత మాత్రాన దారి అందరికీ దొరికిందని చెప్పరాదు. పోరాడినవారి కీర్తిని పాడుతూనే, ఆ పోరాటం ఎవరివరకు చేరలేదో చెప్పటం కూడ చరిత్రకారుని ధర్మం.

ఇక ఓడిన వ్యాజ్యం. 2017లో ఎఫ్ఎక్స్ అనే టెలివిజన్ సంస్థ బెట్టీ డేవిస్, జోన్ క్రాఫర్డ్‌ల వైరాన్ని కథగా మలచి ‘ఫ్యూడ్’ అనే ధారావాహికను ప్రసారం చేసింది. అందులో ఒలీవియా పాత్రను మరొక నటి ధరించింది. తాను ఇవ్వని ముఖాముఖీని ఇచ్చినట్లు చూపారనీ, తన చెల్లెలు జోన్ ఫాంటేన్‌ను గురించి తాను అనని నీచమైన మాటను తన నోట పలికించారనీ ఒలీవియా అభియోగం. ఆ అక్కాచెల్లెళ్ళకు చిరకాలంగా పొసగలేదన్నది లోకమెరిగినదే. 1942లో ఉత్తమ నటి బహుమతికి ఇద్దరూ పోటీపడగా చెల్లెలు గెలిచింది. ఆ చెల్లెలు 2013లో మరణించింది. నూటొక్కటవ పుట్టినరోజుకు ఒక్కరోజు ముందు ఒలీవియా మళ్ళీ న్యాయస్థానం మెట్లెక్కింది.

2018 మార్చిలో కాలిఫోర్నియా అప్పీలు న్యాయస్థానం ఆమెకు ప్రతికూలంగా తీర్పు చెప్పింది. ఎంత ప్రఖ్యాతులైనా చరిత్ర వారి సొత్తు కాదనీ, నిజమైన మనుష్యులను చిత్రించే రచయితలకు ఆజ్ఞలు జారీచేసే హక్కు వారికి లేదనీ దాని సారం. 2019 జనవరిలో అమెరికా అత్యున్నత న్యాయస్థానం ఆ వివాదాన్ని విచారించటానికి నిరాకరించింది.

అనని మాటను తన నోట పెట్టినప్పుడు ఒక వృద్ధురాలికి కలిగిన బాధను తేలికగా చూడరాదు. రచయితలు కల్పనకు, నిజానికి నడుమ ఉండవలసిన మర్యాదను మరువరాదు. కాని ఆమె గెలిచి ఉంటే ఏమయ్యేది? బ్రతికి ఉన్న ప్రతి అధికారి, ప్రతి ధనికుడు తన అనుమతి లేని నాటకాన్నీ నవలనూ న్యాయస్థానానికి ఈడ్చి ఉండేవారు. 1944లో ఆమె కోరినది ఇతరులకు కూడ ఉపకరించే స్వేచ్ఛ. 2017లో కోరినది ఇతరుల కలానికి కళ్ళెం వేయగల హక్కు. రెండుమార్లూ ఆమెను నడిపించిన పట్టుదల ఒకటే. పట్టుదల తనంతట తాను గుణమూ కాదు, దోషమూ కాదు. అది ఎవరి మేలుకు పనిచేసినదో చూచి మనము విలువ కట్టాలి.

2020 జూన్‌లో, జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుడు పోలీసు చేతిలో మరణించిన తరువాత చెలరేగిన ఆందోళన నడుమ, హెచ్‌బీవో మాక్స్ సంస్థ ‘గాన్ విత్ ది విండ్’ను కొన్ని దినాలు ఉపసంహరించింది. పిమ్మట జాక్వెలిన్ స్టూవర్ట్ అనే నల్లజాతి ఆచార్యురాలి ఉపోద్ఘాతాన్ని జోడించి, చిత్రంలో ఒక్క దృశ్యమూ కత్తిరించకుండ తిరిగి చూపింది. మరుసటి నెలలోనే ఒలీవియా మరణించింది. సంతాప వ్యాసాలు కొన్ని ఆమెను కేవలం మెలనీగా కొనియాడినవి. కొన్ని ఆ చిత్రపు మచ్చనే చూచినవి.

ఉపాధ్యాయులు ఈ రెండు తొందరలకూ లోనుకారాదు. పాత గ్రంథాన్ని దాచిపెడితే విద్యార్థికి తప్పు తెలియదు. వివరణ లేకుండ చేతికిస్తే తప్పే ఒప్పుగా తోస్తుంది. మూలాన్ని మార్చక, ముందు వివరణ చేర్చి పాఠకుని చేతికివ్వటం మన వ్యాఖ్యాన సంప్రదాయానికి కొత్త కాదు. మన పద్యకావ్యాలలో స్త్రీలను, శ్రమజీవులను చులకన చేసిన ఘట్టాలను పాఠం చెప్పేటప్పుడు మనకు ఎదురయ్యే ఇబ్బంది కూడ ఇదే కదా! అక్కడ మౌనంగా పుట తిప్పే ఉపాధ్యాయుడు విద్యార్థికీ, కావ్యానికీ ఇద్దరికీ అన్యాయం చేస్తున్నాడు.

కనుక విద్యార్థుల ముందు ఈ ముగ్గురినీ కలిపి నిలపండి: రెండేళ్ళ పనిని పణంగా పెట్టి 1944లో గెలిచిన యువతి, గోడవార బల్ల వద్ద కూర్చున్న హ్యాటీ, నూటొక్క ఏట తన బొమ్మను తానే కాపాడుకోజూచిన వృద్ధురాలు. ఆమె మంచిదా చెడ్డదా అని అడుగవద్దు. ఆమె చేసిన ఏ పని వలన ఎవరికి మేలు కలిగింది, ఎవరికి కలుగలేదు, ఎందుకు కలుగలేదు అని అడగండి. ఆ ప్రశ్నకు స్వయంగా సమాధానం వెదకుకొన్న విద్యార్థి రేపు తన ఊరి పెద్దలనూ, తన అభిమాన తారలనూ, తన అభిమాన కవులనూ అదే తక్కెడలో తూచగలుగుతాడు.