మార్క్వెజ్‌కే మొక్కాలా?

నవలలో కాకి నోరు విప్పితే చాలు, మన విమర్శకులకు గాబ్రియెల్ గార్సియా మార్క్వెజ్ గుర్తొస్తాడు. ఢిల్లీ రచయిత్రి గీతాంజలిశ్రీ హిందీ నవల 'రేత్ సమాధి' (2018)కీ ఆ సన్మానం తప్పలేదు. డైసీ రాక్‌వెల్ చేసిన ఆంగ్లానువాదానికి 2022లో అంతర్జాతీయ బుకర్ బహుమతి వచ్చాక మరీను.

నిజానికి ఈ నవల ఏ చట్రంలోనూ ఇమడదు. భర్త పోయాక గోడవైపు తిరిగి పడుకున్న 80 ఏళ్ల ముసలమ్మ ఎంతకీ లేవనంటుంది. లేచాక ఆ ఇంట్లో ఉండనంటుంది. చివరికి సరిహద్దు దాటి పాకిస్థాన్ చేరుతుంది. సగం ఇంటి భాగోతం, సగం దేశ విభజన కథ. ఒకచోట కాకులు సభ తీరతాయి. వాఘా దగ్గర మంటో, భీష్మ సాహ్నీ, కృష్ణా సోబ్తీ వంటి రచయితలే పాత్రలై కొలువుంటారు. ఇందులో పాశ్చాత్య ప్రభావం లేదనడం తెలివితక్కువ. నవల అనే ప్రక్రియే అక్కడిది. అయితే అప్పు ఎక్కడ తెచ్చారన్నది సగం సంగతే. దాన్ని ఏ ఇంట్లో ఖర్చుపెట్టారన్నది మిగతా సగం.

ఈ తగవు చైనాలో ముందే నడిచింది. 1980లలో అనువాదాలు వెల్లువెత్తగానే అక్కడి కుర్ర రచయితలు ఫాక్‌నర్, మార్క్వెజ్‌ల మీద పడ్డారు. ఆ ఇద్దరూ మండే కొలుములనీ, దగ్గరికెళ్తే మంచుముక్కలా ఆవిరైపోతామనీ మో యాన్ 1986లోనే హెచ్చరించారు. ఆయన 2006 నవలలో భూసంస్కరణల వేళ కాల్చివేతకు గురైన భూస్వామి గాడిదగా, ఎద్దుగా, పందిగా, కుక్కగా, కోతిగా పుడుతూ కమ్యూనిస్టు చైనాను చూస్తాడు. పునర్జన్మ బౌద్ధానిది. అధ్యాయాలకు పెట్టిన ద్విపద శీర్షికలు పాత చైనా నవలలవి. 2012లో ఆయనకు నోబెల్ ఇస్తూ స్వీడిష్ అకాడమీ కూడా జానపద కథలు, చరిత్ర, వర్తమానం కలగలిసిన తీరునే మెచ్చుకుంది.

మనకైతే మరీ దూరం పోనక్కర్లేదు. 16వ శతాబ్దంలో పింగళి సూరన 'కళాపూర్ణోదయం'లో కథలో కథ పొదిగి, పాత్రలకు మరుజన్మలిచ్చి ముడులు విప్పాడు. దాన్ని నవలగా చదవాలని వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ 2002లో తమ ఆంగ్లానువాదంతో వాదించారు. ఆ మాటా మనకు అమెరికా మీదుగానే చేరింది!

పాశ్చాత్య ప్రభావం రాతలో కంటే చదువరిలోనే ఎక్కువేమో. 2018 నుంచీ హిందీలో దొరుకుతున్న 'రేత్ సమాధి' మనలో ఎక్కువమంది చెవిన పడింది 2022లో, అదీ లండన్ నుంచి.