సొట్టపడితే సైకిలు చచ్చినట్టేనా?

మన భాషలోంచి కొన్ని మాటలు చడీచప్పుడూ లేకుండా జారుకుంటున్నాయి. అతుకు వెయ్యడం, మాటు వెయ్యడం, కళాయి పెట్టడం, సొట్ట తియ్యడం... వీటన్నిటి కుర్చీల్లోనూ ఇప్పుడు ఒకే ఒక్క మాట కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది: పారెయ్యడం! గొడుగు చువ్వ వూడిందా, పారెయ్యండి. మిక్సీ మూత పగిలిందా, మిక్సీతో సహా పారెయ్యండి. ఈ లెక్కన మోకాళ్ళ నొప్పులని ఆస్పత్రికి పోయే నాబోటి వాళ్ళు కాస్త ముందువెనకలు చూసుకోవాలి.

గొడుగులూ మిక్సీలూ పోనివ్వండి. సైకిలు జోలికొస్తే మాత్రం నేను వూరుకోదలుచుకోలేదు.

మా బాలాపూర్‌లో పాలు పోసే కుర్రాడొకడున్నాడు. ఒక తెల్లవారుజామున మలుపు దగ్గర ఇనప కడ్డీలు వేసుకుపోతున్న ట్రాలీ ఆటో ఒకటి వాడిని రాసుకుపోయింది. కుర్రాడికి మోచెయ్యి గీరుకోవడంతో సరిపోయింది గానీ కడ్డీ పోయి సైకిలు మెడకి తగిలింది. మెడంటే హ్యాండిలూ ముందు ఫోర్కూ కలిసేచోట నిలువుగా వుండే పొట్టి గొట్టం. హెడ్ ట్యూబ్ అంటారు. కంపెనీవాడు తన బిళ్ళని బొట్టులా పెట్టేది దాని నొసటనే. అక్కడ సొట్ట పడింది. హ్యాండిలు ఎడమకి తిప్పితే ఒకచోట పట్టేస్తోంది.

కుర్రాడు దాన్ని నడిపించుకుంటూ పట్నంలో ఒక పెద్ద కొట్టుకి తీసుకుపోయాడు. అద్దాల కొట్టు, టై కట్టుకున్న సేల్సుమాన్. ఆయన వొంగనైనా వొంగలేదు. నిలబడ్డచోటునుంచే "ఫ్రేం పోయింది, కొత్తది తీసుకో" అని తీర్పు చెప్పేశాడు. చావు కబురు చెప్పేముందు డాక్టరైనా నాడి పట్టుకుంటాడండీ!

నా కోపం ఆ కొట్టువాడి మీద కాదు. అమ్ముకోవడానికి కూర్చున్నవాడు అమ్ముకోకేం చేస్తాడు? ఆ తీర్పుకి తలూపే మన మీదే నా పేచీ. సొట్ట వేరు, దెబ్బ వేరు. సొట్ట పైకి కనిపించేది. దెబ్బ లోపల వుండేది. రెండూ ఒకేచోట వుండొచ్చు, వుండకపోవచ్చు. తేల్చడానికి కళ్ళూ వేళ్ళూ కావాలి. తేల్చకుండా పారెయ్యమనడం సలహా కాదు, బేరం.

మా వూళ్ళో రేకుల కొట్టు ఉస్తాద్ ఎలా తేల్చాడో చూశాను గనక చెబుతున్నాను. ముందు చక్రం, హ్యాండిలు, ఫోర్కు విప్పేశాడు. గ్రీజులో నల్లబడ్డ బాల్సు పళ్ళెంలోకి రాలాయి. తర్వాత ఆయన సొట్ట వంకే చూడలేదు! మెడ గొట్టానికి పై గొట్టమూ కింది గొట్టమూ వచ్చి కలిసేచోట అడుగుభాగాన్ని గుడ్డతో తుడిచి, గోటితో గీరుకుంటూ పోయాడు. ఎదురుదెబ్బ తగిలి ఫ్రేం వెనక్కి నొక్కుకుపోతే కింది గొట్టం అడుగున ముడత పడుతుంది, రంగు సన్నగా చిట్లుతుంది. ఆ ముడత వుంటే భయపడాలి. అక్కడేం లేదు.

తర్వాత ఒక దారం తీశాడు. వెనక చక్రం ఇరుసు కూర్చునే చోట ఒక కొస కట్టి, ముందుకు తెచ్చి మెడ చుట్టూ తిప్పి, రెండోవైపు ఇరుసు చోటికి లాగి కట్టాడు. సీటు కింది గొట్టానికి కుడివైపు దారం ఎంత దూరంలో వుందో ఎడమవైపూ అంతే దూరంలో వుంటే ఫ్రేం తిన్నగా వున్నట్టు. స్కేలు పెట్టి కొలిచాడు. సరిపోయింది. ఆఖర్న ఫోర్కుని వేటగాడు తుపాకీ చూసినట్టు ఒంటికంటితో చూసి పక్కన పెట్టాడు.

"గొట్టం సచ్చిపోలే సార్. కప్పు కూసునే జాగ ఒక్కటి కోడిగుడ్డు లెక్క అయింది. గందుకే పడ్తుంది" అన్నాడు.

విషయమంతా అదే. మెడ గొట్టానికి పైనా కిందా చెరొక కప్పు వుంటుంది. వాటిలో బాల్సు దొర్లితే హ్యాండిలు తిరుగుతుంది. మధ్యలో ఎక్కడో సొట్ట పడితే, లోపల తిరిగే ఫోర్కు కాడకి అది తగలనంతకాలం దానివల్ల వచ్చే నష్టం అందానికే. కానీ కొసన పడితే గుండ్రం చెడుతుంది, కప్పు వొరుగుతుంది, బాల్సు ఒకచోట నలుగుతాయి.

గ్యాసు మంట పెట్టి సాపు చెయ్యకూడదా అనడిగాను. "వద్దు సార్, జాయింట్ల ఇత్తడి కదుల్తది" అన్నాడు. నిజమే. మన పాతరకం నల్ల సైకిళ్ళలో గొట్టాలని ఇనప తొడుగుల్లో దూర్చి ఇత్తడి కరిగించి అతుకుతారు. ఆ ఇత్తడి తొమ్మిదివందల డిగ్రీల ప్రాంతంలో కరుగుతుంది. అనుభవం లేనివాడు మంట పెడితే సొట్ట పోయి అతుకు వూడుతుంది.

ఆయన దగ్గర లేత్ మీద తిప్పించుకున్న పాత షాఫ్టు ముక్క ఒకటుంది. ఒక కొస కాస్త సన్నం, పోనుపోను లావు. దానికి నూనె రాసి గొట్టంలోకి దించి, బయట గాడి తీసిన చెక్క దిమ్మ ఆనించి, కొయ్య సుత్తితో కొట్టాడు. కొట్టాడంటే కొట్టడం కాదు, నిద్రపోయేవాణ్ణి లేపినట్టు తట్టాడు. నాలుగు దెబ్బలు, పావు తిప్పు. మళ్ళీ నాలుగు. బయటికి తీసి కప్పు పెట్టి చూడ్డం, మళ్ళీ దించడం. నొక్కు ఇంకా కాస్త కనిపిస్తూండగానే ఆపేశాడు. ఇనుముని అటూ ఇటూ సతాయిస్తే చీలుతుందట. ఎక్కడ ఆపాలో తెలియడమే పనితనం! కొత్త కప్పులు, కొత్త బాల్సు, గ్రీజు. బిగించాక ముందు చక్రం గాలిలోకి ఎత్తి చూశాడు. హ్యాండిలు తనంతట తానే ఇటూ అటూ వాలింది. బ్రేకు పట్టి వూపి చూశాడు, చప్పుడు లేదు. సామానుతో సహా మూడువందల రూపాయలు.

ఇప్పుడు మీరొక ప్రశ్న వేస్తారు. "ప్రాణాలతో చెలగాటమా మాస్టారూ?" అని. మంచి ప్రశ్నే. గొట్టం చిట్లినా, ముడత పడినా, అతుకు కదిలినా ఆ ఫ్రేంని ఎక్కొద్దని నేనే చెబుతాను. అల్యూమినియం ఫ్రేంకి ఇనుముకున్న వోర్పు లేదు. వంచి సాపు చేస్తే బీట వారుతుంది. కార్బన్ ఫ్రేం సంగతి మరీనూ, పైకి నవ్వుతూ లోపల విరిగి వుంటుంది. వాటికి ఈ వైద్యం పనికిరాదు. కానీ ఇవన్నీ చూసి చెప్పాల్సిన మాటలు. చూడకుండా చెప్పే జాగ్రత్తకి జాగ్రత్త అని పేరు పెట్టకండి.

"కొత్తది ఎంతవుతుందిలే!" అనేవారు ఇంకొందరు. మా వూరి పేరు చెప్పగానే అందరికీ గణపతి లడ్డూ వేలం గుర్తొస్తుంది. 1994లో 450 రూపాయలతో మొదలై 2024లో ముప్ఫై లక్షలు దాటింది. కనుక ధరల సంగతి మాకెవరూ నేర్పనక్కర్లేదు. కానీ పాల కుర్రాడికి మూడువందలకీ ఐదారువేలకీ మధ్య వున్నది తేడా కాదు, అప్పు.

ప్రభుత్వం ఏం చేస్తోందంటారా? 2022 డిసెంబరులో కేంద్రం "రిపేరు హక్కు" పోర్టల్ పెట్టింది. సంతోషం. వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు, గృహోపకరణాలు, మోటారు వాహనాలు అని నాలుగు రంగాలు ఎంచుకున్నారు. పెట్రోలు తాగని పాపానికి సైకిలుకి అందులో చోటు దక్కలేదు. 2023 అక్టోబరులో నగరానికి పడమట ఔటర్ రింగు రోడ్డు వెంబడి 23 కిలోమీటర్ల సైకిలు దారి తెరిచారు, పైన సోలారు పలకల కప్పుతో సహా. ఆరోగ్యం కోసం తొక్కేవాళ్ళకి నీడ దొరికింది, బాగుంది. అన్నం కోసం తొక్కేవాడికి సుత్తి పట్టే ఉస్తాద్ కావాలి. ఆయన కొడుకు ఆ సుత్తి పట్టనంటున్నాడు. పట్టమని ఏ ముఖంతో చెబుతాం, పారెయ్యడమే నాగరికత అయినప్పుడు?

మాకు కూతవేటు దూరంలోనే 1988లో ప్రారంభమైన రీసెర్చ్ సెంటర్ ఇమారత్ వుంది. క్షిపణులకి దారి చూపే బుర్రలు తయారయ్యేది అక్కడే. అంతటి విద్య పక్కనుండగా అంగుళంపావు గొట్టం గుండ్రం చెయ్యడం అసాధ్యమని నమ్ముతున్నాం మనం! 1903లో విమానం ఎగరేసిన రైట్ సోదరులు అమెరికాలో డేటన్ అనే వూళ్ళో సైకిళ్ళు బాగుచేసుకుని బతికినవాళ్ళేనని పిల్లలకి మాత్రం పాఠాలు చెబుతాం.

నేను కోరేది పెద్దదేం కాదు. "ఫ్రేం పోయింది" అని ఎవరైనా అంటే, "ఎక్కడ పోయింది, చూపించండి" అని అడగండి. ముడత చూపిస్తే దణ్ణం పెట్టి కొత్తది కొనుక్కోండి. చూపించలేకపోతే సైకిలు నడిపించుకుని ఏ రేకుల కొట్టు దగ్గరికో పొండి. సొట్ట పడినవన్నీ పారెయ్యాలంటే ముందు మన వంటింట్లో ఒక్క గిన్నె మిగలదు.