డిజైను ఒకటి, కట్టడం మరొకటి: మేడిగడ్డలో జవాబుదారీ ఎవరు?

మహదేవపూర్: 2023 అక్టోబరు 21 సాయంత్రం అంబటిపల్లి వద్ద గోదావరిలో పెద్ద శబ్దం వినిపించింది. మేడిగడ్డ బరాజ్ ఏడవ బ్లాకులో 20వ పియరు, దాని పక్కనున్న పియర్లు కుంగాయి. 85 గేట్లతో, 16.17 టీఎంసీల నిల్వ సామర్థ్యంతో నిర్మించి 2019 జూన్ 21న ప్రారంభించిన బరాజ్ ఇది. అయిదవ వానాకాలం ముగిసీ ముగియకముందే ఉన్న నీటినంతా దిగువకు వదిలేయవలసి వచ్చింది.

కేంద్రం నుంచి వచ్చిన జాతీయ డ్యామ్ భద్రతా సంస్థ నిపుణులు తమ నివేదికలో ఒక విషయాన్ని సూటిగా చెప్పారు. బరాజ్‌ను 'తేలే కట్టడం'గా డిజైను చేసి, 'బిగుతు కట్టడం'గా నిర్మించారన్నది వారి నిర్ధారణ. నాటి రాష్ట్ర నీటిపారుదల శాఖ దీనితో ఏకీభవించలేదు.

తేలే కట్టడమంటే నీటిపై తేలేది కాదు. కింద పరిచిన రాఫ్టు ఇసుకపై కూర్చుని, బరువును ఆ ఇసుకకే పంచాలి. ఎగువన, దిగువన రాతిపొర దాకా దించిన సీకెంట్ పైల్స్ పని అడుగునుంచి నీరు ఊరకుండా తెరలా అడ్డుకోవడమే, బరువు మోయడం కాదు. ఆ రెంటినీ బిగించివేస్తే బరువు పైల్స్ మీదికి పోతుంది. అతుకు వద్ద సందు ఏర్పడితే నీటితోపాటు ఇసుకా జారిపోతుంది. ఇసుక పోయాక పియరు దేనిపై నిలవాలి?

ఇంత తేడా ఎవరి కంటా ఎలా పడలేదన్నదే అసలు ప్రశ్న. డిజైను వేసేది హైదరాబాదులోని సెంట్రల్ డిజైన్స్ కార్యాలయం. పని చేయించేది ఏటి ఒడ్డున ఉన్న ఇంజనీర్లు. కట్టేది కాంట్రాక్టు సంస్థ. తమకు అందిన వివరాలను బట్టే డిజైను ఇచ్చామని ఒకరు, ఇచ్చిన డిజైను ప్రకారమే పని జరిగిందని మరొకరు అంటున్నారు. ఇద్దరి మాటా నిజమే అనుకుంటే లోపం ఆ ఇద్దరి మధ్యనే ఎక్కడో ఉండాలి.

దాన్ని పట్టి ఇవ్వవలసినవి రికార్డులు. భద్రతా సంస్థ 20 రకాల వివరాలు అడిగితే అన్నీ అందలేదు. అందని వాటిలో నాణ్యతా తనిఖీ నివేదికలూ ఉండడం గమనార్హం. ఊళ్లో మామూలు ఇల్లు కట్టే మేస్త్రీ సయితం గోడ జరిపితే యజమానిని పిలిచి చూపిస్తాడు!

మరమ్మతు ఖర్చు ఎవరు భరించాలన్నది శాఖకూ నిర్మాణ సంస్థకూ మధ్య వివాదమైంది. జస్టిస్ పి.సి. ఘోష్ కమిషన్ 2025 జూలై 31న నివేదిక సమర్పించింది. మరమ్మతు డిజైన్ల కోసం అదే ఏడాది అక్టోబరులో ప్రభుత్వం సంస్థలను ఆహ్వానించింది. ఈసారి కొత్త డిజైను వేసినవారి ఇంజనీరు ఒకరు పని సాగినన్నాళ్లూ ఏటిలోనే ఉంటారా, ప్రతి మార్పుపైనా సంతకం చేస్తారా అన్నది ఒప్పందం రాసేనాడే తేల్చవలసిన విషయం.