మా ఆవిడకి ఏ చరిత్ర పుస్తకం ఇవ్వాలి?

మా ఆవిడ పుస్తకాల పురుగు. బజ్జీలు కట్టిచ్చిన కాగితం కూడా చదవందే పారెయ్యదు. మొన్నామధ్య "ఏదైనా మంచి చరిత్ర పుస్తకం చెప్పండి, నిద్ర రాకుండా చదివించాలి" అంది. ఆఫీసులో అందరూ చెప్పేదే నేనూ చెప్పా: 'సేపియన్స్'. మా టీమ్‌లో సగం మంది టేబుళ్ళ మీద అదే ఉంటుంది (చదివింది ఎంతమందో అడక్కండి :)).

వారంలో పూర్తి చేసి, "బావుంది. డెబ్భై వేల ఏళ్ళ కథ తెలిసింది. మా తాతయ్య చెప్పిన శిస్తు కట్టని కథ ఎందులో ఉంది?" అంది.

వాళ్ళది పెదనందిపాడు పక్క ఊరు. తాతయ్య లేడు, కథ సగమే గుర్తుంది. ఒంగోల్లో పెరిగిన నాకు ఆ సగం కూడా తెలీదు. సిగ్గేసింది.

"చరిత్ర బోరు" అనేవాళ్ళతో నా గొడవ ఇక్కడే. బోరు చరిత్ర కాదండీ, "రోడ్లకిరువైపులా చెట్లు నాటించెను" అని బట్టీ పట్టించిన పాఠం. 1921లో మునిసిపాలిటీ పన్నులు కట్టలేమని చీరాల-పేరాల జనం వేలమంది ఇళ్ళు వదిలేసి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఊరి బయట రామ్‌నగర్‌లో పాకలేసుకుని దాదాపు 11 నెలలున్నారు. 1922 మొదట్లో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో పెదనందిపాడు రైతులు శిస్తు ఆపేస్తే, మునసబులూ కరణాలూ రాజీనామాలిచ్చారు. ఆ ఏడాదే పల్నాడులో పుల్లరి కట్టనన్న కన్నెగంటి హనుమంతుని పోలీసులు కాల్చి చంపారు. ఇందులో బోరు ఎక్కడుంది?

"మన ఊరి చరిత్ర అంటే చివరికి కులం గొప్పలేగా" అంటాడు మా కొలీగ్. వాట్సాప్‌లో వచ్చేది అదే, నిజమే. మనం పుస్తకాలు చదవకపోబట్టే ఆ ఖాళీలోకి అది వచ్చి కూర్చుంది. దానికి మందు కూడా పుస్తకమే. సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' (1949) తియ్యండి. రాజుల యుద్ధాలు పక్కన పెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అని చెబుతుంది. ఏనుగుల వీరాస్వామి 'కాశీయాత్ర చరిత్ర' తియ్యండి. 1830-31లో మద్రాసు నుంచి కాశీ వెళ్ళొస్తూ దారి పొడుగునా చూసింది రాసుకున్నాడు. టంగుటూరి ప్రకాశం 'నా జీవిత యాత్ర' ఉంది. ఒంగోల్లో తల్లి పూటకూళ్ళ ఇల్లు నడిపి చదివిస్తే, నాటకాల్లో వేషాలేసిన కుర్రాడు ముఖ్యమంత్రి దాకా వెళ్ళిన కథ.

ప్రకాశం పుస్తకం మా ఆవిడ రెండు రాత్రుల్లో ముగించింది. నేను చదవకుండానే ఇచ్చానని మూడో ప్రశ్నకే పట్టేసింది. కాబట్టి మొదటి రూలు: చదవని పుస్తకం ఎవరికీ చెప్పకండి. రెండోది: యాభై పేజీల డిజైన్ డాక్యుమెంట్లు రాసే మనం, ఈసారి ఊరెళ్ళినప్పుడు తాతయ్య దగ్గర కూర్చుని నాలుగు పేజీలు రాసుకుందాం. మా ఆవిడకి ఆ అవకాశం అయిపోయింది. మీకింకా ఉందేమో చూసుకోండి.