ప్లగ్ పీకి చూడని ముగ్గురం

మేం ముగ్గురం స్నేహితులం. పగలు ఆఫీసుల్లో సర్వర్లు చూసుకునే ఉద్యోగాలు. కూకట్‌పల్లిలో మా ఇంటి అటక కింద రెండు సెకండ్‌హ్యాండ్ మినీ పీసీలు పెట్టి, ప్రాక్స్‌మాక్స్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్ ఎక్కించి, రెంటినీ కలిపి క్లస్టర్ కట్టాం. మూడు కుటుంబాల ఫోటోలూ, పోయిన మా నాన్న గొంతున్న రికార్డింగులూ అందులోకి చేర్చాం. ఒకటి ఆగితే రెండోది అందుకుంటుందని ఇంట్లోవాళ్లకి మాటిచ్చాం.

ఆ మాట ఇచ్చే అర్హత మాకు లేదు. క్లస్టర్‌లో ఒక్కో మిషనుకి ఒక్కో ఓటు. సగానికి మించి ఓట్లుంటేనే పని సాగుతుంది. రెండింట్లో ఒకటి పోతే మిగిలేది సరిగ్గా సగం. అవతలిది నిజంగా ఆగిపోయిందో, మధ్యలో కేబుల్ ఊడిందో బతికున్నదానికి తెలియదు. తెలియక రెండూ ఒకే పనిని నెత్తికెత్తుకుంటే డేటా పాడవుతుంది. అందుకే ఇలా ఒకదాని పని మరొకటి అందుకునే ఫెయిలోవర్ పెట్టుకున్న మిషను, ఓట్లు చాలకపోతే నిమిషంలో తనంతట తానే రీబూట్ అయిపోతుంది. ఒక వానాకాలం రాత్రి ఒకదాని అడాప్టర్ కాలితే అదే జరిగింది. రెండూ పడిపోయాయి. మూడో ఓటుకి రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ చాలని ముగ్గురికీ తెలుసు. ఆఫీసులో ఎవరైనా ఇలా కడితే ఒప్పుకునేవాళ్లం కాదు. ఇంట్లో మాత్రం ఒక్క ఆదివారమైనా ప్లగ్ పీకి చూడలేదు.

రాస్ప్‌బెర్రీ పై కొన్నాం, ఓటు కలిపాం, ఇక అయిపోయిందనుకున్నాం. అంతకంటే పెద్ద తప్పు ఇంకోటి అప్పటికే జరుగుతోంది. ఒక మిషన్ నుంచి రెండోదానికి 15 నిమిషాలకోసారి మార్పుల్ని కాపీ చేసే రెప్లికేషన్ నడుస్తుంది. అది బ్యాకప్ కాదు; ఇక్కడ చెరిపింది అక్కడా చెరిగిపోతుంది. బ్యాకప్ నేను తీస్తున్నానని వాళ్లు, వాళ్లలో ఒకరు తీస్తున్నారని నేను. పదిమందిలో పాము చావదంటారు. మాకు ముగ్గురే సరిపోయారు.

డిస్కు నిండుతోందని ఒక సాయంత్రం పాత ఫోల్డర్లు తీసేశాం. ఎవరి వేలు నొక్కిందో రాయను. జాబితా ముగ్గురం చూశాం, ముగ్గురం సరేనన్నాం. నాన్న రికార్డింగులు అందులో ఉన్నాయి. గుర్తొచ్చేసరికి రెండు రోజులైంది.

సర్వర్ చెడిపోయిందని అమ్మకి చెప్పాను. వాళ్లిద్దరూ పక్కనే ఉండి తలూపారు. అప్పటికి ఆ రెండు మిషన్లూ చక్కగా నడుస్తూనే ఉన్నాయి.