విదేశీ పైలట్ శిక్షణ - స్వదేశీ లైసెన్సు: ఒక పరిశీలన

హైదరాబాద్: పిల్లలను పైలట్ శిక్షణకై విదేశాలకు పంపదలచిన హైటెక్ సిటీ, సైబరాబాద్ ఐటీ కారిడార్ కుటుంబాలు ఒక విషయాన్ని గుర్తెరగవలసి ఉంది. అక్కడ పొందిన వాణిజ్య పైలట్ లైసెన్సు ఇక్కడ నేరుగా చెల్లదు. 1944 నాటి చికాగో ఒప్పందం ఉమ్మడి ప్రమాణాలకు బాట వేసినప్పటికీ, లైసెన్సు జారీచేసే అధికారం ఆయా దేశాలదే. మన దేశంలో అది కేంద్ర పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ) పరిధిలోనిది.

అభ్యర్థికి 200 గంటల విమాన చోదన అనుభవం ఉండాలి. విమానయాన నిబంధనలపై ఒక పరీక్ష, నావిగేషన్, వాతావరణ శాస్త్రాలపై ఉమ్మడి పరీక్ష ఉత్తీర్ణులు కావాలి. ఒకటో తరగతి వైద్య ధ్రువీకరణ, రేడియో టెలిఫోనీ సర్టిఫికెట్, నైపుణ్య పరీక్ష కూడా అవసరం. విదేశీ లైసెన్సు నిజమైనదేనని జారీచేసిన దేశం ధ్రువీకరించాలి. 2011లో నకిలీ మార్కుల పత్రాలతో లైసెన్సులు పొందిన పైలట్లు పట్టుబడిన ఉదంతం దృష్ట్యా ఈ జాగ్రత్త సమంజసమే.

అయితే ఈ దశల్లో జరిగే జాప్యపు భారం విద్యారుణం తీసుకున్న కుటుంబంపైనే పడుతుంది. కనుక ఫీజు చెల్లించకముందే వైద్య పరీక్ష చేయించుకొనుట, ప్రయాణానికి ముందే డీజీసీఏ రాత పరీక్షలు పూర్తిచేయుట శ్రేయస్కరం.