వాకిట చల్లు నీరు

ఖమ్మము నుండి భద్రాచలము వైపు పోవు అడవి అంచు పల్లెలలో వేకువనే చీపురు చప్పుడు వినవచ్చును. ఇల్లాలు వాకిలి ఊడ్చి, పేడనీటితో కల్లాపి చల్లి, ముగ్గు పెట్టును. నీరు పడగానే లేచిన దుమ్మెల్ల అణగిపోవును. పిమ్మట ఆమె ఇంటిలోనికి వచ్చి, పొడిగచ్చుపై కొండచీపురుతో ఊడ్చుటకు మొదలిడును. ఇచ్చట నీరు లేదు. ధూళి గాలిలోనికి లేచును. ఊడ్చుచున్న ఆమె తుమ్మును. మూలను పండుకొన్న పిల్లవానికి దగ్గుతెర వచ్చును. వాకిట చూపిన తెలివి గడప దాటి లోనికి రాకపోవుట విచారింపదగిన విషయము.

పిల్లవాడు రాత్రులయందు ఆయాసపడినచో పెద్దలు చలిగాలి అనియో, పడిశము అనియో, వంశపు జబ్బు అనియో తలంతురు. ఈ మాటలలో కొంత నిజము లేకపోలేదు. కాని పిల్లవాడు పండుకొను పరుపును ఎవరును అనుమానింపరు.

కొందరి శరీరము హాని చేయని వస్తువును గూడ శత్రువుగా భ్రమించి పోరాడును. తుమ్ములు, కంటిదురద, ఉబ్బసము ఆ పోరాటపు ఫలములే. ఆస్ట్రియా దేశపు వైద్యుడు పిర్కే 1906లో దీనికి ఎలర్జీ అని పేరిడెను. ఇంటిధూళి ఏల ఇట్టి బాధ కలిగించునో చాలకాలము స్పష్టముగా తెలియలేదు. 1964లో నెదర్లాండ్సులోని లైడెన్ నగర పరిశోధకులు ఆ ధూళిలోని అతి సూక్ష్మమైన పురుగే ముఖ్య కారణమని చూపిరి. ఆ పురుగు మిల్లీమీటరులో మూడవవంతుకంటె పెద్దది కాదు. అది కరవదు. మనుష్యుల చర్మము నుండి రాలు పొట్టును తిని, పరుపులలో, దిండ్లలో, బొంతలలో నివసించును. దాని మలము ధూళిలో కలిసి ఊపిరితో లోనికి పోవును. తేమయే దానికి ప్రాణము. బొద్దింకల విసర్జనము, గోడలకు పట్టు బూజు గూడ ఇట్టి బాధలకే కారణములు.

తేమ యనగానే ఈ ప్రాంతమువారికి గోదావరి జ్ఞాపకము రాక మానదు. భద్రాచలమువద్ద నీటిమట్టము 53 అడుగులకు చేరినచో మూడవ ప్రమాద హెచ్చరిక చేయుదురు. 1986 ఆగస్టులో అది 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు పెరిగినది. వరద తీసిన తరువాత ఇల్లు కడిగి బురద ఎత్తివేయుటతో పని ముగిసినదని తలంచుట పొరపాటు. గోడలు వారములకొలది తేమను విడువవు. ఆ తడిగోడపై సున్నము పూసిన బూజు కనబడకుండును గాని చావదు. తలుపులు, కిటికీలు తెరచి గోడ ఆరనిచ్చి, ముక్కునకు గుడ్డ కట్టుకొని, సబ్బునీటితో బూజును తోమివేసిన తరువాతనే సున్నము వేయవలెను. వరదనీటిలో నానిన దూదిపరుపును మమకారముతో దాచుకొనుటకంటె పారవేయుట మేలు.

వరద రాని ఊళ్లలో వేరొక అలవాటు కలదు. ధర పెరుగువరకు పత్తిని, మిరపబస్తాలను పండుకొను గదిలోనే నిలువచేయుదురు. పత్తినుసి, మిరపఘాటు రాత్రియంతయు పిల్లల ఊపిరిలోనికి పోవును. పంటకు చోటు కావలసినదే. కాని ఉన్న గదులలో ఒకటైనను నిద్రకు విడిచిపెట్టుట కష్టమైనను తప్పదు. కట్టెలపొయ్యి పొగ కూడ ఉబ్బసమును రేపును గనుక అది పోవు త్రోవ ఉండవలెను.

దీనికి ఒక ఆక్షేపణ కలదు. మట్టిలో ఆడి, పశువులతో పెరిగిన పిల్లలకే ఇట్టి వ్యాధులు తక్కువ గదా, ఇంత శుభ్రత ఎందుకని కొందరందురు. ఐరోపా పల్లెలలో జరిగిన పరిశోధనలు ఆ మాటను కొంతవరకు బలపరచినవి. అయినను ఆరుబయటి మట్టి వేరు, మూసిన గదిలోని ధూళి వేరు. పిల్లలను పొలమునకు పోనిండు, లేగదూడతో ఆడుకొననిండు. ఉబ్బసము వచ్చిన పిల్లవానిని మాత్రము ఏండ్లతరబడి ఉదుకని దిండుపై పండుకొనబెట్టుట న్యాయము కాదు.

చేయవలసిన పనులు ఖర్చుతో కూడినవి కావు. గచ్చును పొడిగా ఊడ్చుటకు మారుగా తడిగుడ్డతో తుడువవలెను. దుప్పట్లను, దిండుగలీబులను వారమునకొకసారి 60 డిగ్రీల వేడినీటిలో నానబెట్టి ఉదికినచో పురుగులు చచ్చును. ఆ నీరు చేయి కాల్చును గనుక పెద్దలే ఆ పని చూచుకొనవలెను. బొంతలను, పరుపులను ఎండబెట్టి, ఇంటికి దూరముగా దులుపవలెను. రాత్రి ఎంగిలిగిన్నెలు విడువరాదు. వీనిలో ఒక్కటి చేసి ఊరకున్నచో ఫలము స్వల్పము. అన్నియు కలిసి అలవాటు కావలెను. అంతమాత్రమున వైద్యుడిచ్చిన మందు మానరాదు. శుభ్రత మందునకు తోడేగాని బదులు కాదు.

మరియొక మాట. ఇంటి ధూళిని అందరికంటె ఎక్కువగా పీల్చునది చీపురు పట్టిన చేయి గలామెయే. ఇల్లు అందరిది, దుమ్ము మాత్రము ఒకరిది అగుట ధర్మము కాదు. బాలురును బాలికలును తమ పక్క తామే దులుపుకొని ఎండలో వేయుట నేర్చినచో తల్లికి శ్రమయు తగ్గును, తమ్మునికి నిద్రయు పట్టును. అతిథుల కొరకు వాకిలి మెరయుట మంచిదే. ఇంటివారి ఊపిరి కొరకు పడకగది శుభ్రముగా ఉండుట అంతకంటె మంచిది.